రంగు ఒకటే, పట్టు వేరు: నెబ్బియోలో, పినో న్వార్‌లను పక్కపక్కన రుచి చూడటం ఎలా?

రెండు రెడ్ వైన్ ద్రాక్షల తేడా తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా కబెర్నే సోవిన్యోన్, మెర్లో సీసాలు తెచ్చుకుంటారు. అందులో తప్పేమీ లేదు. నన్ను అడిగితే మాత్రం నెబ్బియోలో, పినో న్వార్ జోడీతో మొదలుపెట్టమంటాను. ఈ రెండూ గ్లాసులో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రెండూ పలుచని ఎరుపే. గ్లాసు వెనక కాగితం పెడితే అక్షరాలు చదువుకోవచ్చు. రెండింటిలోనూ పూల వాసన, ఎర్రని పండ్ల వాసన ఉంటాయి. నోట్లోకి వెళ్లాక ఒకటి మెత్తగా జారిపోతుంది, రెండోది చిగుళ్లను పట్టుకుని వదలదు. ఆ పట్టు ఎక్కడిదో తేల్చుకోవడం, దాన్ని పులుపు నుంచీ చేదు నుంచీ విడదీసి చూడటం ఒకసారి అలవాటైతే మరే జోడీ అయినా కష్టం కాదు.

పద్ధతికి ప్రాణం ఒక్క మాటలో ఉంది. గ్లాసు గ్లాసుగా కాకుండా ప్రశ్న ప్రశ్నగా రుచి చూడాలి. మొదటి గ్లాసును ఆసాంతం పరిశీలించి, పేజీ నిండా రాసుకుని, తర్వాత రెండోది అందుకుంటే ఒక వైన్‌ను మరో వైన్ జ్ఞాపకంతో పోల్చినట్టవుతుంది. జ్ఞాపకం రుచి విషయంలో చాలా అబద్ధాలు చెబుతుంది. అందుకని 'పులుపు ఎంత?' అనే ప్రశ్న తీసుకుని రెండు గ్లాసులూ చూడండి. అది తేలాకే 'వగరు ఎంత?' అన్నది మొదలుపెట్టండి.

1. సరైన సీసాలు ఎంచుకోవడం

పని సగం ఇక్కడే పూర్తవుతుంది, లేదా ఇక్కడే చెడుతుంది. తేడా ద్రాక్షది కావాలి. వయసుదో, చెక్క పీపాదో, ఆల్కహాల్‌దో కాకూడదు.

నెబ్బియోలో ఇల్లు ఇటలీ వాయవ్యంలోని పీడ్‌మాంట్. అక్కడి బరోలో, బార్బరెస్కో వైన్లు నియమం ప్రకారం పూర్తిగా నెబ్బియోలోతోనే చేయాలి. లాంగే నెబ్బియోలో అనే లేబుల్ ఉంటే కనీసం 85 శాతం ఆ ద్రాక్షే అన్నమాట. బరోలో కోత జరిగిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కిస్తే కనీసం 38 నెలలు గడిచాకే బయటికి వస్తుంది, అందులో 18 నెలలు చెక్కలో ఉండాలి. బార్బరెస్కోకు 26 నెలలు, చెక్కలో 9. లాంగే నెబ్బియోలోకు ఇంత కట్టుదిట్టం లేదు, చాలా సీసాలు లేతగానే, అంటే తక్కువ వయసులోనే వస్తాయి.

పినో న్వార్‌కు పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బర్గండీ. అక్కడ ఈ ద్రాక్ష రాజ్యానికి రాజాజ్ఞ అండ కూడా ఉంది. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ గమే అనే ద్రాక్షను పీకిపారేయమని ఉత్తర్వు ఇచ్చి పినోకు దారి చేశాడు. ఇప్పుడు పినో అమెరికాలోని ఒరెగాన్‌లోనూ న్యూజీలాండ్‌లోని సెంట్రల్ ఒటాగోలోనూ కూడా బాగా పండుతోంది. లేబుల్ మీద ద్రాక్ష పేరు ఉన్నంత మాత్రాన సీసా నిండా అదే ఉందని అనుకోకండి. యూరప్‌లో 85 శాతం, అమెరికా ఫెడరల్ నియమంలో 75 శాతం ఉంటే ఆ పేరు వేసుకోవచ్చు.

నా సలహా ఇది. మొదటిసారికి లాంగే నెబ్బియోలో ఒకటి, బర్గండీ గ్రామం పేరున్న పినో ఒకటి తీసుకోండి. కోత సంవత్సరం ఒకటే అయితే మేలు, ఏడాది అటూ ఇటూ అయినా ఫరవాలేదు. వెనక లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి. 13 ఒకటి, 14.5 ఒకటి పక్కపక్కన పెడితే నోరు ద్రాక్ష తేడా కంటే ముందు ఆల్కహాల్ వేడినే పట్టుకుంటుంది. తేడా అర శాతం మించకుండా చూడండి. కొత్త ఓక్ పీపాల్లో నిలవ చేసినట్టు ఘనంగా ప్రకటించుకునే సీసాలను ఈసారికి పక్కన పెట్టండి. కొత్త చెక్క తన టానిన్‌నూ (వగరునిచ్చే పదార్థం) వెనిల్లా వాసననూ వైన్‌లోకి దింపుతుంది. అప్పుడు మీరు ద్రాక్షను వదిలి వడ్రంగి పనిని రుచి చూస్తుంటారు.

2. గ్లాసులు, వేడి, వరుస

రెండు గ్లాసులూ ఒకే ఆకారం, ఒకే పరిమాణంలో ఉండాలి. పినోకు వెడల్పు గ్లాసు, నెబ్బియోలోకు మరోటి అనే మర్యాదలు విందుకు సరే, పోలికకు పనికిరావు. ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లు చాలు. కొలిచి పోయండి. ఎక్కువ పోసిన గ్లాసు ముదురుగా కనిపిస్తుంది, వాసన కూడా వేరుగా ఇస్తుంది.

వేడి 16 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచండి. ఈ ఒక్క విషయంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. మరీ చల్లబరిస్తే వగరూ చేదూ మొరటుగా తోస్తాయి. గది మరీ వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ముక్కులోకి ఎక్కి మిగతా అంతా మసకబారుతుంది. రెండు సీసాలనూ ఒకే చోట, ఒకే సమయం చల్లబరచండి. రెండింటినీ గంట ముందు తెరవండి. నెబ్బియోలోకు మాత్రమే గాలి కావాలని దాన్ని ముందే తెరిచి పినోను ఆఖరి నిమిషంలో తెరిస్తే పోలికకు న్యాయం జరగదు.

ఉమ్మడానికి ఒక పాత్ర, మంచినీళ్లు, ఉప్పు లేని రొట్టె ముక్కలు దగ్గర పెట్టుకోండి. ఉమ్మడం నామోషీ కాదు, ఇది పని. మింగుతూ పోతే నాలుగో గుక్కకల్లా తీర్పు మందగిస్తుంది. మీ చోట చట్టం అనుమతించే వయసు ఉండాలన్నదీ, తర్వాత బండి నడపకూడదన్నదీ వేరే చెప్పక్కరలేదు.

రుచి చూసే వరుసలో పినోను ముందుంచండి. వగరు నోట్లో పేరుకుపోయే గుణం గలది. నెబ్బియోలో తర్వాత వెంటనే పినో తాగితే, ముందు దాని వగరు తర్వాతి దానికి అంటుకుంటుంది, పాపం పినో లేని నేరం మోస్తుంది.

3. సీసా తెరిచే ముందు నోటికి చిన్న పాఠం

ఇది దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి. వైన్‌లో వగరునూ పులుపునూ చేదునూ కలిపి 'ఘాటు' అనేసేవారు ఎక్కువ. నెబ్బియోలోలో ఆ మూడిట్లో రెండు చాలా ఎక్కువగా ఉంటాయి గనుక గందరగోళం తప్పదు. విడివిడిగా పరిచయం చేసుకోవడానికి నాలుగు కప్పులు చాలు.

మొదటి కప్పు: 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో పాలు, చక్కెర లేని టీ. ఆకు 8 నిమిషాలు నాననివ్వండి. రెండో కప్పు: అదే పరిమాణం మంచినీళ్లలో రెండు చెంచాల నిమ్మరసం. మూడో కప్పు: పాలు, చక్కెర వేయని చిక్కని కాఫీ. నాలుగో కప్పు: మొదటి కప్పులోని టీ కొంత, అందులో నిమ్మరసం. అన్నీ గది వేడికి చల్లారాక మొదలుపెట్టండి. కళ్లు మూసుకోవడం మంచిది. నిమ్మరసం పడగానే టీ రంగు పలచబడుతుంది, ఆ మార్పు చూస్తే మనసు ముందే ఓ అభిప్రాయానికి వచ్చేస్తుంది.

టీ గుక్క పుక్కిలించి ఉమ్మేశాక చిగుళ్ల మీద నాలుక పెట్టి రాయండి. గరుకుగా, పొడిగా తగులుతుంది. అది వగరు. దాని వెనక పనితనం టానిన్‌ది. లాలాజలంలో ప్రోలిన్ అనే అమినో ఆమ్లం ఎక్కువగా ఉండే ప్రోటీన్లు నోటిని జారుడుగా ఉంచుతాయి. టానిన్ వాటిని పట్టుకుని ముద్దకట్టిస్తుంది, జారుడు పోతుంది. అంటే ఇది చాలా మటుకు స్పర్శ. అందుకే 'ఎంత?' అన్న ప్రశ్నతో పాటు 'ఎక్కడ?', 'ఎలాంటి గరుకు?' అని కూడా అడగాలి.

నిమ్మనీళ్లు పుక్కిలించి ఉమ్మి, తల కాస్త ముందుకు వంచి నోరు తెరవకుండా ఉండండి. నాలుక కింద నీరు ఊరి చేరుతుంది. అది పులుపు పని. ఎంత వేగంగా, ఎంతసేపు ఊరుతోందన్నదే కొలత. కాఫీలో చేదు నాలుక వెనక వైపు నిలిచినట్టు అనిపిస్తుంది గానీ, నాలుక మీద ఒక్కో రుచికి ఒక్కో ప్రాంతం ఉందనే పాత పటం తప్పని తేలిపోయింది. ఏ రుచినైనా నాలుక అంతటా తెలుసుకోగలదు. ప్రాంతాల లెక్క చూడాల్సింది వగరు విషయంలోనే.

ఇక నాలుగో కప్పు. ఆరబెట్టేదీ నీరూరించేదీ ఒకేసారి. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని అనుకుంటారు, జరిగేది వేరు. పులుపు పెరిగేకొద్దీ వగరు మరింత పదునుగా తోస్తుంది. ఈ కప్పును బాగా గుర్తుపెట్టుకోండి. నెబ్బియోలో దీనికి దగ్గరి చుట్టం.

4. రంగు చూసి, వెంటనే మరిచిపోవడం

తెల్ల కాగితం మీద గ్లాసులను 45 డిగ్రీలు వంచి అంచు చూడండి. లేత పినో అంచు గులాబీ ఎరుపుగా, కొంచెం ఊదా ఛాయతో ఉంటుంది. అదే వయసు నెబ్బియోలో అంచు అప్పటికే ఇటుక రంగుకు, నారింజకు తిరుగుతూ ఉంటుంది. మూడు నాలుగేళ్లకే ముసలి వైన్‌లా కనిపించడం దానికి మామూలే.

రెండూ పలుచగా ఉండటానికి కారణాలు వేరు. ద్రాక్ష తొక్కలోని ఎరుపు రంగుకు ఆంథోసయనిన్లు మూలం. పినో తొక్కలో అవి మొత్తంగానే తక్కువ, అందులోనూ రంగును నిలబెట్టడానికి సాయపడే అసైలేటెడ్ రూపాలు ఆ ద్రాక్షలో ఉండవు. నెబ్బియోలోది మరో కథ. చాలా ఎర్ర ద్రాక్షల్లో మాల్విడిన్ రకం రంగు పెద్ద వాటా తీసుకుంటే, ఇందులో పియోనిడిన్, సయనిడిన్ రకాలది పైచేయి. అవి గాలి తగిలితే త్వరగా పాడవుతాయి. అందుకే వైన్ త్వరగా ఎరుపు కోల్పోయి ఇటుక రంగుకు వస్తుంది.

ఇక్కడ గుర్తించాల్సింది ఏమిటంటే, రంగునిచ్చేవీ వగరునిచ్చేవీ వేర్వేరు పదార్థాలు. రెండూ తొక్కలో ఉన్నా ఒకటి తక్కువైతే రెండోది తక్కువ కావాలని లేదు. 'లేత రంగు కాబట్టి తేలిక వైన్' అనే లెక్క నెబ్బియోలో దగ్గర తలకిందులవుతుంది. కన్ను ముక్కును ఎంత లోబరుచుకుంటుందో చూపిన ప్రయోగం ఒకటుంది. బోర్డోలో వైన్ విద్య చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. 2001లో ప్రచురితమైంది. అందుకే రంగు గమనించి రాసుకున్నాక నల్ల గ్లాసుల్లోకి మార్చండి, లేదా గ్లాసు చుట్టూ కాగితం చుట్టండి.

5. వాసన: తక్కువ మాటలు, ఎక్కువ శ్రద్ధ

గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడండి. పినో, నెబ్బియోలో, మళ్లీ పినో. ఒక్కోసారి చిన్న శ్వాస చాలు. పొడవుగా పీలుస్తూ ఉంటే ముక్కు అలవాటు పడి మొద్దుబారుతుంది.

లేత పినోలో చెర్రీ, రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ లాంటి తాజా పండ్లు ముందుకొస్తాయి. వయసు పెరిగేకొద్దీ తడి నేల, పుట్టగొడుగు, రాలిన ఆకుల వాసనలు కలుస్తాయి. నెబ్బియోలోలో పుల్లని చెర్రీతో పాటు ఎండిన గులాబీ, అతిమధురం, ఎండుమూలికలు, తారు తగులుతాయి. 'తారు, గులాబీ' అన్నది ఈ ద్రాక్షకు అంటుకుపోయిన వర్ణన. అతిగా వాడారనే మాట నిజమే గానీ, మొదటిసారి తారు నిజంగా ముక్కుకు తగిలినప్పుడు ఆ మాట ఎందుకు నిలిచిందో అర్థమవుతుంది.

మీకు గులాబీ రాకపోతే కంగారు పడకండి. వాసనల జాబితా పొడవు చూసి ఎవరి నైపుణ్యాన్నీ కొలవలేం. 'పండు తాజాదా, ఎండినదా? పూలున్నాయా? మట్టి, తారు లాంటి చీకటి వాసన ఉందా?' ఈ మూడింటికి రెండు గ్లాసుల జవాబులు రాసుకుని ముందుకు సాగండి. వాసన ఏడాదిని బట్టి, చేసిన చేతిని బట్టి, సీసా తెరిచి ఎంతసేపయిందన్నదాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది. ద్రాక్షను గుర్తుపట్టడంలో నేను దాన్ని అంతగా నమ్మను. నోట్లో వైన్ కట్టు ఎలా ఉందన్నది అంత తేలిగ్గా మారదు.

6. నోట్లో: ఒక్కో గుక్కకు ఒక్కో ప్రశ్న

ప్రతి గ్లాసు నుంచీ మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోకండి. అది నోటిని సిద్ధం చేయడానికే. ప్రతి గుక్కా ఒకే పరిమాణం, సుమారు రెండు చెంచాలు. పది సెకన్లు నోరంతా తిప్పి ఉమ్మేయండి. గుక్కకూ గుక్కకూ మధ్య నీళ్లు పుక్కిలించి రెండు నిమిషాలు ఆగండి. ఈ ఆగడం విసుగే. కానీ వగరు తేరుకోవడానికి వ్యవధి కావాలి.

*పులుపు.* పినో ఉమ్మి తల వంచండి, నీరు ఊరే వేగం చూడండి. తర్వాత నెబ్బియోలో. రెండూ పులుపున్న ద్రాక్షలే. చల్లని చోట పండిన పినోలో పులుపు పండుతో కలిసిపోయి తాజాదనంగా తెలుస్తుంది. నెబ్బియోలోలో అది విడిగా, నిటారుగా నిలబడినట్టుంటుంది. నోరు ఒకవైపు ఎండిపోతూనే దవడల దగ్గర నీరు ఊరుతుంటే ఆశ్చర్యపోకండి. అదే నాలుగో కప్పు.

*వగరు.* ఈ పోలిక మొత్తానికీ ఇదే ముఖ్యం, దీనికి రెండు మూడు గుక్కలు ఖర్చుపెట్టండి. మూడు విషయాలు చూడాలి: ఎప్పుడు వచ్చింది, ఎక్కడ తగిలింది, ఎలా పోయింది.

పినోలో వగరు పండు రుచితో పాటే వస్తుంది, నాలుక మధ్యన సన్నగా తగులుతుంది, పండుతో పాటే పోతుంది. ఉతికి ఆరేసిన పాత నూలు బట్ట నాలుక మీద నుంచి లాగినట్టుంటుంది. చిగుళ్ల మీద నాలుక రాస్తే ఇంకా కొంత జారుడు మిగిలే ఉంటుంది. నెబ్బియోలోలో మొదటి రెండు మూడు సెకన్లు మోసం. పూలూ చెర్రీలూ, పలుచని ద్రవం, 'ఇదీ పినోలాంటిదే' అనిపిస్తుంది. ఆ తర్వాత వగరు పై చిగుళ్ల నుంచి మొదలై బుగ్గల లోపలికి, పళ్ల వెనక్కి పాకుతుంది. ఉమ్మేశాక తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. పండు వెళ్లిపోయాక కూడా అది అక్కడే ఉంటుంది. పెదవి లోపలి భాగం పళ్లకు అంటుకున్నట్టు తోస్తే మీరు సరైన చోటే చూస్తున్నారు.

ఈ తేడాకు మూలం ద్రాక్షపండులోనే ఉంది. పినో తొక్కలో టానిన్ తక్కువ, వైన్‌లోకి వచ్చే టానిన్‌లో విత్తనాల వాటా ఎక్కువ. నెబ్బియోలో తొక్క పలుచనైనా గట్టిది, టానిన్ దండిగా ఉన్నది. పైగా పీడ్‌మాంట్ సంప్రదాయంలో రసాన్ని తొక్కలతో కలిపి వారాల తరబడి నాననిస్తారు. పండే కాలం కూడా వేరు. పినో త్వరగా పండేస్తుంది. బర్గండీలో కోత మామూలుగా సెప్టెంబరులో, వేడి ఏడాదుల్లో ఆగస్టు చివర్లోనే. నెబ్బియోలో ముందుగా చిగురించి ఆఖరున పండుతుంది, కోత అక్టోబరు దాకా సాగుతుంది.

ఇప్పుడు చిన్న పరీక్ష. నీళ్లు పుక్కిలించకుండా, 20 సెకన్ల తేడాతో పినో మూడు గుక్కలు వరుసగా తీసుకుని ఉమ్మేయండి. అయిదు నిమిషాలు ఆగి నెబ్బియోలోతో అదే చేయండి. పినోలో మూడో గుక్క మొదటిదానికి ఎంతో దూరంలో ఉండదు. నెబ్బియోలోలో మూడో గుక్కకు నోరు మూసుకుపోయినట్టుంటుంది. వగరు పేరుకుపోయే గుణం కళ్లకు కట్టేది ఇక్కడే. ఒకే గుక్కతో తీర్పు చెప్పేవారు నెబ్బియోలోను తక్కువ అంచనా వేయడానికీ ఇదే కారణం.

*చేదు.* వగరు అంటే చేదు అనుకోకండి. లేత పినోలో, ముఖ్యంగా గుత్తుల కాడలతో సహా పులియబెట్టినదానిలో సన్నని చేదు, పచ్చి ఆకు ఛాయ ఉండవచ్చు. మంచి నెబ్బియోలో నోటిని బిగించినా చేదు అంతగా ఉండదు. ఉంటే గింజలను అతిగా నలిపారనో, ఆల్కహాల్ ఎక్కువైందనో అనుమానించండి. ఆల్కహాల్ చేదును ఎత్తి చూపుతుంది.

*ఆల్కహాల్, నిండుదనం.* దీని మీద ఎక్కువసేపు నిలవక్కరలేదు. ఉమ్మాక గొంతులో, ఛాతీ పైన తగిలే వెచ్చదనమే ఆల్కహాల్. బరోలోకు నియమం ప్రకారం కనీసం 13 శాతం ఉండాలి, ఆచరణలో 14 దాటడం మామూలు. గ్లాసు గోడల మీద జారే ధారలను చూసి నాణ్యత చెప్పేవారిని నమ్మకండి. అవి ఆల్కహాల్ ఆవిరయ్యేటప్పుడు ద్రవం ఉపరితలంలో కలిగే లాగుడు వల్ల ఏర్పడతాయి, అంతే. నిండుదనం విషయంలో రెండూ మధ్యస్థమే. నెబ్బియోలో బరువుగా తోచేది ద్రవం చిక్కగా ఉండటం వల్ల కాదు, పట్టు వల్ల.

*చివరి రుచి.* ఉమ్మిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టండి. ఫ్రాన్స్‌లో దీనికి కోదాలీ అనే కొలత వాడతారు, ఒక కోదాలీ ఒక సెకను. ఇక్కడ రెండు లెక్కలు విడిగా పెట్టండి: వాసన, పండు ఎంతసేపు నిలిచాయి? వగరు ఎంతసేపు నిలిచింది? పినోలో ఈ రెండు అంకెలూ దగ్గరగా వస్తాయి. నెబ్బియోలోలో రెండో అంకె మొదటిదాన్ని దాటిపోతుంది. నా దృష్టిలో ఈ రెండు ద్రాక్షలను వేరుచేసే అతి నమ్మకమైన గుర్తు ఇదే.

7. కాగితం మీద పెట్టడం

పొడుగాటి వర్ణనలు వద్దు. కాగితాన్ని రెండు నిలువు గళ్లు చేసి పులుపు, వగరు పరిమాణం, వగరు చోటు, చేదు, వెచ్చదనం, పండు సెకన్లు, వగరు సెకన్లు అని అడ్డంగా రాసుకోండి. పరిమాణాలకు 1 నుంచి 5 దాకా అంకె వేయండి. పినోను ముందే 3 అనుకుని నెబ్బియోలో దానికంటే ఎంత పైనో కిందో చెప్పడం తేలిక. ఒంటరిగా 'దీనికి 4' అనడం కంటే 'దీనికంటే అది ఎక్కువ' అనడంలో నోరు ఎప్పుడూ నిజాయతీగా ఉంటుంది. వాసనలకు కాగితం అడుగున ఒక్క వరుస చాలు.

8. నిజంగా తెలిసిందా? మూడు గ్లాసుల పరీక్ష

ఇప్పటిదాకా ఏ గ్లాసులో ఏముందో మీకు తెలుసు. తెలిసి కనిపెట్టడం గొప్ప కాదు. సాయానికి ఒకరిని పిలవండి. మూడు నల్ల గ్లాసుల్లో రెండింటిలో ఒక వైన్, మూడోదానిలో రెండో వైన్ పోసి మీకు చెప్పకుండా వరుస మార్చమనండి. మీ పని వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవడం. తర్వాత ఏది నెబ్బియోలోనో చెప్పడం.

ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్క విజయానికి విలువ లేదు. ఇలా మూడు గ్లాసులు ఒక వరుస అనుకుంటే, ఆరు వరుసల్లో అయిదు లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెబితే అది అదృష్టం వల్ల జరిగే అవకాశం సుమారు 2 శాతమే. నాలుగు సరైనవైతే ఆ అవకాశం 10 శాతం దాకా ఉంటుంది, సంతోషించండి గానీ నమ్మేయకండి. ఆరు వరుసలంటే 18 గుక్కలు, ఒకే సాయంత్రం చేస్తే ఆఖరు వరుసలకు నోరు వగరుతో నిండిపోతుంది. రెండు మూడు రోజులకు పంచుకోండి.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా రాసుకోండి. వాసనను బట్టి చెప్పినవి తప్పుతున్నాయా, వగరు సెకన్లను బట్టి చెప్పినవా? ఈ ఒక్క లెక్క మీ అభ్యాసాన్ని ఎటు తిప్పాలో చెబుతుంది.

9. మిగిలిన సగం సీసాతో

రెండు సీసాలకూ బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు మళ్లీ 16 డిగ్రీలకు తెచ్చి వగరు, వాసన మాత్రమే చూడండి. చాలాసార్లు నెబ్బియోలో రెండో రోజు వాసన విప్పుకుని బాగుంటుంది, లేత పినో కొంత నీరసపడుతుంది. అన్ని సీసాలూ ఈ మాట వినవు.

అప్పుడే మరో పని చేయవచ్చు. ఒక చిన్న జున్ను (చీజ్) ముక్క నమిలి, వెంటనే నెబ్బియోలో గుక్క తీసుకోండి. వగరు ఒక మెట్టు దిగుతుంది. టానిన్ లాలాజలం ప్రోటీన్లను వదిలి జున్నులోని ప్రోటీన్లను పట్టుకోవడం దీనికి ఒక కారణం. పినోతో అదే చేస్తే ఇంత మార్పు కనిపించదు, దిగడానికి అక్కడ అన్ని మెట్లు లేవు.

10. ఒకే ద్రాక్షలో తేడాలు, ఆపైన మూడో గ్లాసు

ఒక జోడీతో వచ్చిన తీర్మానాన్ని ద్రాక్ష మొత్తానికి అంటగట్టే ముందు అదే ద్రాక్షలో రెండు కొసలు చూడండి. బరోలో ప్రాంతంలో లా మోర్రా ఊరి వైన్లు కాస్త మెత్తగా, సువాసనతో ఉంటాయని, సెర్రలుంగా దాల్బా వైన్లు బిగువుగా, ఆలస్యంగా తెరుచుకుంటాయని పేరు. బర్గండీలో వోల్నే, పొమ్మార్ పక్కపక్క ఊళ్లే. వోల్నే పినో నాజూకు, పొమ్మార్ పినో గట్టి. చేసే తీరు సంగతీ ఉంది. 1980లు, 90లలో బరోలోలో కొందరు తొక్కలతో నానబెట్టే కాలాన్ని బాగా తగ్గించి, పెద్ద పాత పీపాలకు బదులు 225 లీటర్ల కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపాలు వాడారు. సంప్రదాయవాదులతో పెద్ద గొడవే నడిచింది. అలాంటి సీసా మీ చేతికి వస్తే వగరు మొదటి క్షణం నుంచే, వెనిల్లాతో కలిసి వస్తుంది.

గట్టి పొమ్మార్‌నూ మెత్తని లా మోర్రానూ పక్కపక్కన పెడితే వగరు పరిమాణంలో దూరం బాగా తగ్గుతుంది. అప్పుడు కూడా పండు సెకన్లు, వగరు సెకన్లు విడిగా లెక్కపెట్టండి.

అది కూడా పట్టుబడ్డాక సాయం చేసేవారిని మీకు చెప్పకుండా మూడో వైన్ కలపమనండి. గ్రీసులో నౌసా ప్రాంతపు క్సినోమావ్రో దీనికి సరిగ్గా సరిపోతుంది. అది కూడా పలుచని రంగు, గట్టి పులుపు, గట్టి వగరు ఉన్న ద్రాక్షే. వాసనలో ఎండబెట్టిన టమాటా, ఆలివ్ ఛాయలుంటాయి. నెబ్బియోలో అని చెప్పడానికి నోరు తెరిచే ముందు ఇంకో గుక్క తీసుకుని, ఈసారి వగరును పక్కన పెట్టి పండు తాజాదో ఎండినదో చూడండి.